రెండు గదులు, ఒక పేపరు

హైదరాబాద్ శివార్లలో ఓ మందుల కంపెనీ ల్యాబ్‌లో రెండేళ్లు పనిచేశాను. ఒక గదిలో జీసీ, పక్క గదిలో హెచ్‌పీఎల్‌సీ. మాత్రలో మందు ఎంతుందో హెచ్‌పీఎల్‌సీ చెప్తుంది. తయారీలో వాడిన మిథనాల్, అసిటోన్ లాంటివి మందులో ఇంకా మిగిలాయా అన్నది జీసీ చెప్తుంది. చెడిపోకుండా ఆవిరయ్యేవి ఆ గదికి, వేడి చేస్తే పాడైపోయేవి ఈ గదికి. నేర్పినవాళ్లు అంతకు మించి చెప్పలేదు. ముందు గ్యాసు వచ్చిందనీ, ద్రవం దాని తర్వాతి మోడల్ అనీ చాలాకాలం అనుకున్నాను. పూర్తిగా తిరగేసి అనుకున్నానన్నమాట.

ద్రవమే ముందు. మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త 1903లో వార్సాలో ఈ పద్ధతి గురించి మాట్లాడాడు. ఆకుల్లోంచి తీసిన రంగుని సుద్దపొడి నింపిన గాజుగొట్టంలో పోసి, పైనుంచి ద్రావకం వదిలితే, రంగు పచ్చగా, పసుపుగా పట్టీలు పట్టీలుగా విడిపోయేది. 1906లో దానికి క్రొమాటోగ్రఫీ అని పేరు పెట్టాడు. అంటే రంగు రాత. రష్యన్‌లో ‘త్స్వెత్’ అన్నా రంగే. కొంటెగా తన పేరే పెట్టుకున్నాడేమో అని నా అనుమానం! అప్పటి కెమిస్టులు పెద్దగా పట్టించుకోలేదు. 1919లో, 47 ఏళ్లకే పోయాడు. 1931లో హైడెల్‌బర్గ్‌లో కెరోటిన్ల మీద పనిచేసేవాళ్లు మళ్లీ ఆ గొట్టాన్ని బయటికి తీశారు.

నాకు అసలు కథ 1941లో ఉంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, ఉన్ని పరిశోధనశాలలో మార్టిన్, సింజ్ అమైనో ఆమ్లాలని విడదీసే పని మీద ఉన్నారు. వాళ్ల పేపర్లో రెండు మాటలు, దాదాపు పక్కమాటల్లా ఉన్నాయి. కదిలేది ద్రవమే కానక్కర్లేదు, ఆవిరైనా పర్లేదు అన్నది ఒకటి. గొట్టంలో బాగా సన్నటి పొడి నింపి, ఎక్కువ ఒత్తిడి పెడితే ద్రవంతోనే ఇంకా బాగా విడిపోతాయి అన్నది రెండోది. అంటే నా రెండు గదులూ అందులోనే ఉన్నాయి.

అచ్చయిన పేపరే, ఎవరైనా చదవచ్చు. అయినా పదేళ్లపాటు ఆ మొదటి మాటని ఎవరూ అందుకోలేదు. చివరికి మార్టినే ఆంథొనీ జేమ్స్‌తో కలిసి కొవ్వు ఆమ్లాల్ని గ్యాసుతో విడదీసి 1952లో ప్రచురించాడు. పాత పనికి సింజ్‌తో కలిసి నోబెల్ వచ్చిందీ ఆ ఏడే. పెట్రోలియం వాళ్లు జీసీని ఎగబడి అందుకున్నారు. బొట్టుబొట్టుగా కారే ద్రవం కోసం గంటలు గంటలు ఎవరు కూర్చుంటారు? రెండో మాట ఇంకా ఆగింది. 1960ల్లో యేల్‌లో చాబా హోర్వాత్ లాంటివాళ్లు పంపులు బిగించేదాకా.

ఈ పేపరు నేను ఉద్యోగం మానేశాక చదివాను. ల్యాబ్‌లో ఉన్నన్నాళ్లూ పంపు ప్రెషర్ పెరిగిందని తిట్టుకుంటూ కాలమ్ కడుక్కోవడమే సరిపోయింది.