ఒరం, విడుపు, కుంట: కొండగట్టు చెలకల్లో నేలకోతపై ఒక పరిశీలన

నేలకోత మీద వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే అంకెతో మొదలవుతాయి: మన దేశంలో ఏటా హెక్టారుకు 16.35 టన్నుల మన్ను కోసుకుపోతోందని. డెహ్రాడూన్‌లోని నేల, నీటి సంరక్షణ పరిశోధన సంస్థకు చెందిన ధ్రువనారాయణ, రాంబాబు 1983లో వేసిన అంచనా అది. వారి లెక్కలోనే మరో మాట ఉంది. కదిలే 533.4 కోట్ల టన్నుల్లో సముద్రం పాలయ్యేది 29 శాతం, జలాశయాల్లో పూడికయ్యేది 10 శాతం. తక్కిన 61 శాతం ఒకచోటి నుంచి మరోచోటికి చేరుతుంది. ఆ చోటేదో జాతీయ సగటు చెప్పదు. నా పేచీ అక్కడే.

కొండగట్టు కింద, మల్యాల వైపు చెలకల్లో నాకు జవాబు దొరికింది. ఎర్ర దుబ్బ నేల. కొంచెం లోతు దిగితే మొరం. తొలకరి పెద్దవాన వెలిసిన మర్నాడు ఒక ఒరం మీద, అంటే చెలక అంచున పేర్చిన రాళ్ల గట్టు మీద నిలబడి చూశాను. పైవైపు మన్ను ఒరం అంచుదాకా పేరుకుంది. కిందివైపు దిగితే అదే ఒరం మోకాలెత్తు ఉంది. అది ఒక్కనాటి పని కాదు. నాగలికి తగిలిన రాయినల్లా తెచ్చి వేయగా వేయగా వాలు నేల మెట్లు మెట్లయింది. సందుల్లో వావిలి, సీతాఫలం వేళ్లు రాళ్లను పట్టుకున్నాయి. పక్క చెలకలో ఒరం తీసేసి, ట్రాక్టరుతో వాలు వెంటే సాళ్లు తీసి పత్తి పెట్టారు. ప్రతి సాలూ ఒక కాలువయింది. కింది మూలన మొలకలు ఎర్ర బురదలో కూరుకుపోయాయి.

జొన్నలో కంది కలిపి వేస్తే నేలను ఆకు త్వరగా కమ్ముతుంది. పత్తి సాళ్ల నడుమ నేల తొలి నెలల్లో వానకు ఒళ్లప్పగిస్తుంది. నేలను కాపాడే మరో దారి విడుపు. 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ కొండల్లో చూసిన కోలాము గిరిజనులు వాలు మీద నాగలి పెట్టేవారు కాదు; కర్రతో గుంత తీసి విత్తి, కొన్నేళ్లకు ఆ నేలను అడవికి విడిచేవారు. ఇదే పోడు. రిజర్వు అడవి హద్దులు ఆ విడుపును మింగేశాయి. అలాంటప్పుడు నేలకోతకు పోడునే దోషిగా నిలబెట్టడం అన్యాయం.

ఒరం దాటిన మన్ను కుంటలో ఆగుతుంది. ఎండాకాలం నీళ్లింకాక రైతులు ఆ పూడికను బండ్లతో చెలకలకు తోలుకునేవారు. 46 వేలకు పైగా చెరువులు, కుంటల పునరుద్ధరణ తలపెట్టి 2015లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ మిషన్ కాకతీయ ఆ తోలకాన్ని మళ్లీ పెద్దయెత్తున నడిపింది. జాతీయ లెక్క నష్టం కింద రాసుకున్న మన్ను ఇక్కడ అప్పుగా వెళ్లి వడ్డీతో తిరిగొచ్చింది: దుబ్బగా వెళ్లి, మెత్తని ఒండ్రుగా.

మత్తడి దూకిన ఒండ్రు గోదావరి పాలవుతుందన్నది నిజమే. అయినా ఒరం, విడుపు, కుంట ఒకే గొలుసు. కొండగట్టుకే కాదు, దక్కన్ గుట్టల అంచున ఉన్న ప్రతి ఊరికీ ఇది వర్తిస్తుంది. కొత్త కట్టడాలకన్నా ముందు, కూలిన ఒరం మళ్లీ పేర్చే రైతుకు కూలి కట్టివ్వాలి. కుంట పూడికను ఆ కుంటకు ఎగువనున్న చెలకలకే మొదట తోలాలి. అది వాటి మన్నే.