చేతి రేడియో స్కానరు

చేతి రేడియో స్కానరు అనునది అనేక రేడియో పౌనఃపున్యములను ఒకదాని వెంట ఒకటిగా అతివేగముగా పరిశీలించుచు, సంకేతము దొరికిన చోట ఆగి దానిని వినిపించు చిన్న గ్రాహకము. చూచుటకు వాకీటాకీని పోలియుండును గాని దీనితో వినుటయే తప్ప మాట్లాడుట వీలుకాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అగ్నిమాపక దళము, పోలీసు, రైల్వే, విమాన, నౌకా సంభాషణలను వినుటకు దీనిని విరివిగా వాడుదురు. పత్రికా విలేఖరులకును, సుడిగాలులను గమనించి వాతావరణ శాఖకు తెలియజేయు స్వచ్ఛంద పరిశీలకులకును ఇది పనిముట్టు. రైళ్ళను, విమానములను చూచుట అభిరుచిగా గలవారికి వినోదము.

ఈ వ్యాసములో యూనిడెన్ సంస్థవారి బేర్‌క్యాట్ బీసీ125ఏటీ అను నమూనా ఉదాహరణగా తీసుకొనబడినది. ఇతర నమూనాలలో మీటల పేర్లు, స్థానములు మారినను సూత్రము చాలవరకు ఒక్కటే.

పూర్వరూపము

తొలినాటి స్కానర్లలో ఒక్కొక్క ఛానెలుకు ఒక్కొక్క స్ఫటికము అమర్చవలసి ఉండెడిది. కొత్త పౌనఃపున్యమును వినదలచినవారు దానికి తగిన స్ఫటికమును వేరుగా కొనవలెను. 1970 దశకములో పౌనఃపున్య సంశ్లేషకము, దాని వెనువెంట సూక్ష్మప్రక్రియకము ప్రవేశించుటతో అంకెల మీటలు నొక్కి ఛానెళ్ళను నింపుకొనుట సాధ్యమైనది. నేటి స్కానరులోని మీటలు చాలవరకు ఆ మార్పు నుండి పుట్టినవే.

స్క్వెల్చ్

కొత్తవారు మొదట నేర్చుకొనవలసినది, తరచుగా తప్పుగా నేర్చుకొనునది ఈ గుబ్బనే. ఎఫ్.ఎమ్. గ్రాహకములో సంకేతము లేనపుడు పెద్దగా బుస వినబడును. సంకేతము రాగానే ఆ బుస అణగిపోవును. స్క్వెల్చ్ వలయము మానవ స్వరమునకు పైనున్న ధ్వనులలో ఈ బుసను కొలిచి, అది ఎక్కువగా ఉన్నంతసేపు స్పీకరును మూసివేయును. స్కానరు ఎచట ఆగవలెనో నిర్ణయించునది కూడ ఈ వలయమే. గుబ్బను పూర్తిగా తెరచి ఉంచినచో స్కానరు ఖాళీ ఛానెలునే సంకేతముగా భావించి అక్కడే నిలిచిపోవును. మరీ బిగించినచో బలమైన కేంద్రములు మాత్రమే వినబడి, దూరమునుండి వచ్చు బలహీన సంకేతములు తెలియకుండనే దాటిపోవును. అందుచేత ఖాళీ ఛానెలుపై బుస వినబడునంతవరకు గుబ్బను తెరచి, తరువాత అది ఆగిన చోటికి కొద్దిగా మాత్రమే ముందుకు త్రిప్పవలెను. స్థలము మారినపుడు మరల సరిచూచుకొనుట మంచిది.

ఛానెళ్ళు, బ్యాంకులు

ఉదాహరణ నమూనాలో 500 ఛానెళ్ళు కలవు. అవి ఒక్కొక్కటి 50 చొప్పున 10 బ్యాంకులుగా విభజింపబడినవి. స్కాను జరుగుచున్నపుడు అంకె మీటను నొక్కిన ఆ సంఖ్యగల బ్యాంకు తెరచుకొనును లేదా మూసుకొనును. ఒక బ్యాంకులో అగ్నిమాపక దళము, మరొకదానిలో విమానాశ్రయము అని వేరుచేసి నింపుకొనుట అలంకారము కొరకు కాదు. ఈ యంత్రము సెకనుకు గరిష్ఠముగా 90 ఛానెళ్ళు చూడగలదు. కావున 500 ఛానెళ్ళను ఒకమారు చుట్టివచ్చుటకు, ఎచటను ఆగకున్నను, అయిదు సెకనులకు మించి పట్టును. రేడియోలో ఒక హెచ్చరిక పూర్తియగుటకు అంతకంటె తక్కువ కాలము చాలును. తుఫాను రాత్రి అన్ని బ్యాంకులను తెరచి కూర్చున్న పరిశీలకుడు ఎక్కువ వినును గాని, వినవలసినది జారవిడుచుకొను అవకాశమును పెంచుకొనును.

స్కాను, వెదకుట అనునవి వేరువేరు పనులు. స్కాను మీట మనము నింపిన ఛానెళ్ళను మాత్రమే చూచును. వెదకు మీట రెండు హద్దుల నడుమనున్న పౌనఃపున్యములన్నిటిని వరుసగా గాలించును. కొత్త ఊరిలో ఏమి నడుచుచున్నదో తెలిసికొనుటకు రెండవది ఉపయోగపడును. ఆగిన ఛానెలుపైననే నిలుపుటకు హోల్డ్ మీట కలదు.

విలంబము, లాకౌట్, ప్రాధాన్యము

ఒకరు మాట్లాడి మీట వదలిన తరువాత అవతలివారు బదులిచ్చుటకు కొంత వ్యవధి పట్టును. విలంబము లేనిచో స్కానరు ఆ లోపుననే ముందుకు సాగిపోయి, శ్రోతకు ప్రశ్న వినబడును, జవాబు వినబడదు. సాధారణముగా రెండు సెకనుల విలంబము సరిపోవును.

ఎడతెగక మ్రోగుచు స్కానును ఆపివేయు ఛానెలును దాటవేయుటకు లాకౌట్ మీట ఉన్నది. ఒకమారు నొక్కిన తాత్కాలికము. యంత్రమును ఆపి మరల వెలిగించగానే తొలగిపోవును. వెంటవెంటనే రెండుమార్లు నొక్కిన శాశ్వతము. విసుగుతో రెండుమార్లు నొక్కి, వారము తరువాత ఆ కేంద్రము మూతపడినదని భావించువారు కొందరు కలరు.

ప్రాధాన్య ఛానెలును రెండు సెకనులకొకమారు యంత్రము తొంగిచూచును. అప్పటికి వినబడుచున్న మాట క్షణకాలము తెగుట ఇందువలననే, అది లోపము కాదు.

మోడు, అంతరము

విమాన సంభాషణలు 118 నుండి 137 మెగాహెర్ట్‌జుల మధ్య ఏ.ఎమ్. పద్ధతిలో నడుచును. పోలీసు, అగ్నిమాపక, నౌకా సంభాషణలు ఎఫ్.ఎమ్. పద్ధతివి. మోడు తప్పుగా ఉన్నచో మాట వక్రముగా వినబడును లేదా అసలే వినబడదు. అమెరికాలో 2013 జనవరి నుండి 150–174 మెగాహెర్ట్‌జుల పట్టీలోను, 421–512 పట్టీలోను చాలవరకు వ్యాపార, ప్రజారక్షణ కేంద్రములు 12.5 కిలోహెర్ట్‌జుల ఇరుకు ఛానెళ్ళకు మారవలసివచ్చినది. పాత వెడల్పు మోడులో వీటిని విన్న మాట పీలగా ఉండును. వెదకునపుడు పాటించు అంతరము కూడ ఆ పట్టీకి తగియుండవలెను. ఐరోపా విమానపట్టీలో 8.33 కిలోహెర్ట్‌జుల అంతరము వాడబడును. 25తో వెదకినచో మధ్యనున్న ఛానెళ్ళు తప్పిపోవును.

ఒకే పౌనఃపున్యమును రెండు ఊళ్ళు పంచుకొన్నపుడు మాటతో పాటు చెవికి సాధారణముగా తెలియని మంద్రస్వరమును పంపుదురు. ఆ స్వరమును స్కానరులో నమోదు చేసినచో కావలసిన ఊరి సంభాషణకే తెరచుకొనును.

వినబడనపుడు

స్క్వెల్చ్, లాకౌట్, మూసిన బ్యాంకు, ఈ మూడింటిని చూచిన తరువాత యాంటెన్నాను అనుమానించవలెను. వెంట వచ్చు రబ్బరు యాంటెన్నా మోయుటకు అనువైనదే గాని, 155 మెగాహెర్ట్‌జుల వద్ద తరంగదైర్ఘ్యములో నాల్గవవంతు సుమారు 48 సెంటీమీటర్లు. కాంక్రీటు భవనము లోపలి నుండి కిటికీ వద్దకు జరిగినను తేడా తెలియును. అందుకు భిన్నముగా ప్రసార స్తంభమునకు మరీ దగ్గరనున్నచో సంకేతము పొంగిపొరలి లేనిచోట్ల కూడ కేంద్రములు వినబడును. కొన్ని నమూనాలలో దీనికొరకు సంకేతమును తగ్గించు మీట ఉండును. 20 డెసిబెల్‌ల తగ్గింపు అనగా శక్తి నూరవ వంతుకు దిగుట. అవసరము తీరగానే దానిని ఆపివేయవలెను.

ఏ మీటకును లొంగని మౌనము మరొకటి కలదు. డిజిటల్ ప్రసారములను, అనేక బృందములు కొద్ది ఛానెళ్ళను పంచుకొను ట్రంకింగ్ వ్యవస్థలను బీసీ125ఏటీ వంటి సాదా స్కానరు అనుసరించలేదు. వాటికి 2018లో వచ్చిన ఎస్‌డీఎస్100 వంటి ఖరీదైన నమూనాలు కావలెను. గూఢలిపిలో పంపిన సంభాషణను ఏ స్కానరును వినిపించలేదు. డెన్వర్ పోలీసు 2019లో గూఢలిపికి మారినది. న్యూయార్క్ నగర పోలీసు 2023లో ఆ మార్పును ప్రారంభించినది. నేరస్థులు వినుచున్నారని, బాధితుల వివరములు బయటపడుచున్నవని పోలీసుల వాదన. సంఘటన జరిగినట్లు పోలీసులు చెప్పువరకు తెలియు దారి మూసుకుపోవునని విలేఖరుల వాదన. ఈ రెంటిలోను నిజము కలదు. అగ్నిమాపక సంభాషణలను తెరచియుంచి పోలీసువి మాత్రము మూసిన నగరములు కూడ కలవు.

చట్టము

అమెరికాలో స్కానరు కలిగియుండుట సాధారణముగా నేరము కాదు గాని, న్యూయార్క్ వంటి కొన్ని రాష్ట్రాలలో వాహనములో ఉంచుటపై ఆంక్షలు కలవు. సెల్ ఫోను సంభాషణలను వినుటను 1986 చట్టము నిషేధించినది. ఆ పట్టీని పట్టగల స్కానర్ల తయారీ, దిగుమతి 1994 ఏప్రిలులో ఆపివేయబడినవి. బ్రిటనులో 2006 నాటి చట్టము ప్రకారము తమకు ఉద్దేశింపబడని సందేశములను అనుమతి లేక వినుటయే నేరము. భారతదేశములో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము అనుమతిపత్రము లేకుండ వైర్‌లెస్ పరికరమును కలిగియుండుటనే నిషేధించినది. ఇటువంటి పాత చట్టముల స్థానమున పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టము చేసినది. అమెరికాలోని బంధువులు హైదరాబాదుకో విజయవాడకో కానుకగా తెచ్చు స్కానరుకును ఈ నిబంధనల నుండి మినహాయింపు లేదు.