నర్సుల లైసెన్సు పరీక్ష: ఎవరికి రక్షణ, ఎవరికి ఖర్చు?

పరదేశపు ఆస్పత్రిలో పనిచేయదలచిన నర్సు ముందుగా ఆ దేశపు లైసెన్సు పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ కాగితం ఎక్కడికి పంపాలి, రుసుము ఎంత, తర్ఫీదు ఎక్కడ దొరుకుతుంది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఈ పరీక్ష ఎలా పుట్టింది, ఎవరి అవసరాలనుబట్టి రూపు మార్చుకుంటూ వచ్చింది అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. రోగి క్షేమం కోసమే పరీక్ష అని ఒక జవాబు సిద్ధంగా ఉంది. అందులో నిజం ఉంది గాని, అది సగం నిజమే. తక్కిన సగం కోసం చరిత్రలోకి వెళ్లాలి.

నర్సుల రిజిస్టరును ఏ ప్రభుత్వమూ దయతలచి ఇవ్వలేదు. తెల్ల ఆప్రను కట్టుకున్న ప్రతివారూ నర్సునని చెప్పుకోగల రోజుల్లో, శిక్షణ పొందిన స్త్రీలు తమ విద్యకు చట్టబద్ధమైన గుర్తింపు కావాలని ఆందోళన చేశారు. న్యూజీలాండు 1901లో ప్రత్యేకంగా నర్సుల రిజిస్ట్రేషను చట్టం చేసింది. బ్రిటనులో ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ నాయకత్వాన 1887లో మొదలైన ఉద్యమం 1919లో గాని ఫలించలేదు. మంచి నర్సు లక్షణాలను పరీక్షలతో కొలవలేమని వాదించి ఈ ఉద్యమాన్ని ఎదిరించినవారిలో ఫ్లారెన్సు నైటింగేల్ కూడా ఉన్నది. ఫెన్విక్ ఉద్యమంలోనూ ఆభిజాత్యం లేకపోలేదు. నర్సు వృత్తిలోకి పై తరగతుల స్త్రీలే రావాలన్నది ఆమె అభిమతం. అంటే రిజిస్టరు పుట్టుకలోనే రెండు గుణాలున్నాయి: శ్రమకు గౌరవం తెచ్చిన సాధనమూ అదే, కొందరిని బయట నిలబెట్టిన కంచె కూడా అదే.

ఈ కంచె తర్వాత జాతుల మధ్యకు జరిగింది. 1943 చట్టం ద్వారా బ్రిటను రిజిస్టరుకు దిగువన మరొక జాబితాను ఏర్పరచింది. మూడేళ్ల శిక్షణ పొందినవారు పై మెట్టున, రెండేళ్లవారు కింది మెట్టున. 1948లో జాతీయ ఆరోగ్య సేవ స్థాపించబడిన తర్వాత కరీబియన్ దీవులనుంచి వేలాది యువతులను నర్సు శిక్షణకు పిలిపించారు. వారిలో చాలామందిని నడిపించింది కింది మెట్టువైపే. తమ దేశానికి తిరిగివెళితే ఆ అర్హతకు చాలాచోట్ల గుర్తింపే లేదన్న సంగతి అనేకులకు ఆలస్యంగా తెలిసింది. ఆ విధంగా బెడ్‌పాను శుభ్రం చేసే పనీ రాత్రి డ్యూటీ భారమూ ఎవరి వాటాకు రావాలో సర్టిఫికెటే నిర్ణయించింది.

మరొక నిదర్శనం చూడండి. యూరపు ఆర్థిక కూటమి దేశాలు 1977లో చేసుకున్న నిబంధనల ప్రకారం, ఒక సభ్యదేశపు నర్సు అర్హతను మరొక సభ్యదేశం పరీక్ష లేకుండా గుర్తించాలి. బ్రిటను ఆ కూటమిలో ఉన్నంతకాలం పోర్చుగీసు నర్సుకు ఈ సౌకర్యం ఉండేది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివి, అదే వార్డులో ఆమె పక్కన పనిచేయబోయే కేరళ నర్సుకు లేదు. 2014నుంచి ఆమె కంప్యూటరు పరీక్షా, దానిపైన బ్రిటనుకు వెళ్లి రోగి నమూనాలముందు చేసిచూపే పరీక్షా నెగ్గాలి. ఇద్దరిలో ఎవరికి విద్య ఎక్కువ అన్న విచారణ ఇక్కడ జరగలేదు. రెండు రాజ్యాల మధ్య ఒడంబడిక ఉన్నదా లేదా అన్నదే తేల్చింది.

అమెరికా చరిత్ర ఇంకా స్పష్టమైన పాఠం చెబుతుంది. ఫిలిప్పీన్సును పాలించిన కాలంలో అమెరికా అక్కడ తన పద్ధతిలో, తన భాషలో నర్సు విద్యను నెలకొల్పింది. 1948లో ప్రారంభమైన వినిమయ సందర్శకుల పథకం కింద ఫిలిపినో నర్సులు 'చదువుకోవడానికి' అమెరికా వెళ్లారు. అనేక ఆస్పత్రులు వారిచేత పూర్తి నర్సు పని చేయించుకుని, చేతికి మాత్రం భృతి ఇచ్చాయి. 1965 వలస చట్టం తర్వాత వారి సంఖ్య బాగా పెరిగింది. వచ్చినవారు రాష్ట్ర లైసెన్సు పరీక్ష రాయాలి. అందులో మెజారిటీ తప్పేవారు. తప్పినవారిలో అనేకులను నర్సు సహాయకుల జీతంమీద ఆస్పత్రులు పనిలో ఉంచుకునేవి. శిక్షణ నర్సుది, చాకిరీ నర్సుది, జీతం ఆయాది! ఈ అన్యాయంమీద ఫిలిపినో నర్సులు సంఘాలుగా కూడి, పరీక్ష న్యాయబద్ధతనే ప్రశ్నించారు.

దీనికి దొరికిన పరిష్కారం గమనించదగ్గది. విదేశీ నర్సు విద్యాలయాల పట్టభద్రుల కమిషను 1977లో ఏర్పడింది. 1978 అక్టోబరులో తొలి పరీక్ష జరిపింది. ఇకమీదట నర్సు తన దేశంలోనే ఈ ముందస్తు పరీక్ష నెగ్గి, ఆ తర్వాతే ఓడో విమానమో ఎక్కాలి. పరాయిగడ్డమీద పరీక్ష తప్పి దిక్కులేకుండా నిలబడే దుస్థితి తగ్గిందన్నది నిజమే. అయితే ఓటమి ఖర్చు అప్పటినుంచి పూర్తిగా నర్సు ఇంటిమీద, ఆమె దేశంమీద పడింది. ఆస్పత్రికి ఏరి ఇచ్చిన గింజలు అందాయి. తాలు మన కళ్లంలోనే మిగిలింది.

తలుపు ఎంత తెరవాలన్నది ఆస్పత్రుల కొరతనుబట్టి మారుతూ వచ్చింది. 1989లో నర్సులకోసం ప్రత్యేక వీసా పెట్టారు. 1995లో అది ముగిసింది. 1996 చట్టం విదేశీ ఆరోగ్య సిబ్బందికి అర్హతల ధ్రువీకరణ పత్రాన్ని తప్పనిసరి చేసింది. 1999లో మరొక వీసా వచ్చింది, ఏడాదికి 500 మందికి మాత్రమే. 1994లో కంప్యూటరుకు మారిన ఎన్‌క్లెక్స్ లైసెన్సు పరీక్షను 2005నుంచి అమెరికా బయట కూడా రాయనిస్తున్నారు. రోగి శరీరం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మారినది శ్రమశక్తి మార్కెట్టు.

ఈనాటి అభ్యర్థిని బాట ఇలా ఉంటుంది. ఆమె ఏదో ఒక అమెరికా రాష్ట్రపు నర్సింగు బోర్డుకు దరఖాస్తు చేయాలి. చదివిన కాలేజీ మార్కుల వివరాలనూ, ఇక్కడి రాష్ట్ర కౌన్సిలు రిజిస్ట్రేషను ధ్రువీకరణనూ నేరుగా పంపాలి. ఆమె చేతిమీదుగా వెళ్లినవి చెల్లవు. గుమాస్తా బల్లమీద ఆ కాగితం ఎన్ని వారాలు నిద్రపోతే అన్ని వారాలూ ఆమె జీవితం ఆగుతుంది. అర్హతల మూల్యాంకనానికి ఒక రుసుము, ఇంగ్లీషు పరీక్షకు ఒక రుసుము, ఎన్‌క్లెక్సుకు 200 డాలర్లు, దాన్ని బయటి దేశంలో రాస్తున్నందుకు మరో 150. ఐదు గంటల్లో 85నుంచి 150 ప్రశ్నల వరకు ఎదుర్కొని నెగ్గినా, వీసా వరుసలో భారతీయులు ఏళ్లతరబడి నిలబడాలి.

ఇంత కష్టానికి ఎందుకు సిద్ధపడుతోంది? డాలరు వ్యామోహమని తీర్పు చెప్పడం తేలిక. 1946నాటి భోర్ కమిటీ లెక్క ప్రకారం అప్పటి భారతదేశంలో నర్సులు దాదాపు 7,000. 43,000 మంది జనానికి ఒక్కరు. బ్రిటనులో 300 మందికి ఒకరు. అటువంటి దేశం నర్సులను నెత్తిన పెట్టుకుని ఉండవలసింది. కాని ప్రైవేటు ఆస్పత్రి నర్సుకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని చెప్పడానికి 2016లో సుప్రీంకోర్టు పూనికతో ఒక కమిటీ కూర్చోవలసి వచ్చింది. ఆ సిఫారసు అమలు రాష్ట్రాల చేతిలో ఉండిపోయింది. తల్లి నగలు కుదువపెట్టి పరీక్ష ఫీజు కట్టే అమ్మాయిని ముందుగా వెళ్లగొట్టినది ఇక్కడి జీతపు చిట్టాయే.

పరీక్షలు రద్దు కావాలని మనం కోరనక్కరలేదు. చేతకానివారి చేతిలో సూది పెట్టరాదనే నియమం మొదట పేదరోగికే రక్ష. కోరవలసినవి వేరు. ఎవరికి నర్సు కావాలో వారే పరీక్ష ఖర్చు భరించాలి. అర్హతల గుర్తింపు సమాన దేశాల మధ్య ఒడంబడికగా జరగాలి. నర్సును తయారుచేసిన దేశానికి ఆ విద్య ఖర్చులో కొంతైనా తిరిగి ముట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదించిన నియామక నియమావళి ఈ దిశగా కొన్ని మంచి మాటలు చెప్పింది. అయితే దాన్ని పాటించడం దేశాల ఇష్టానికే వదిలింది. రిజిస్టరును సాధించడానికి నర్సులకు 30 ఏళ్లకు పైగా పట్టింది. అది కూడా వారు కూడి కదిలినందువల్లనే. ఒక్కొక్కరుగా ఫారాలు నింపుతున్న ఈ లక్షలాది స్త్రీలు ఒక సంఘంగా ప్రశ్న వేసిననాడు, జవాబు రాయవలసిన వంతు ఆస్పత్రులదీ ప్రభుత్వాలదీ అవుతుంది.