ఆంగ్ల బోధనలో స్నాతకోత్తర డిప్లొమా

ఆంగ్ల బోధనలో స్నాతకోత్తర డిప్లొమా (పీజీడీటీఈ) ఆంగ్లమును రెండవ భాషగా బోధించే అధ్యాపకుల కొరకు ఏర్పడిన కోర్సు. హైదరాబాదులో 1958లో స్థాపించబడిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఇటువంటి శిక్షణకు పేరుపొందినది. ఈ సంస్థ 1972లో ఇతర విదేశీ భాషలను చేర్చుకొని సీఫెల్‌గాను, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూగాను మారినది.

ఎం.ఏ.లో ఆంగ్ల సాహిత్యము చదివినవారికి భాషను నేర్పే పద్ధతులు తెలిసి ఉండకపోవచ్చు. అందువలన ధ్వనిశాస్త్రము, వ్యాకరణము, బోధనా పద్ధతులు, పాఠ్యసామగ్రి తయారీ ఇటువంటి కోర్సులలో ముఖ్యాంశములు.

ఉదాహరణకు, తెలుగు పదములు సాధారణముగా అచ్చుతో ముగుస్తాయి. కనుక తెలుగు విద్యార్థి 'బస్'ను 'బస్సు' అని పలుకుతాడు. శిక్షణ పొందిన అధ్యాపకుడు దీనిని అశ్రద్ధగా కాక మాతృభాషా ప్రభావముగా గుర్తించి సరిదిద్దగలడు. బడి వెలుపల ఆంగ్లము వినబడని గ్రామీణ విద్యార్థికి తరగతి గదియే ఆధారము గనుక ఈ శిక్షణ ఎంతో అవసరము.