సిలికాన్ కథలో మరుగున పడిన అల్యూమినా

బాగా వేడెక్కే యంత్రాల్లో పీడనాన్ని కొలిచే సెన్సర్ల చరిత్ర దాదాపు ఎప్పుడూ ఒకే వరుసలో చెబుతారు. 1880లో క్యూరీ సోదరులు స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని కనుగొన్నారు. 1954లో బెల్ లేబొరేటరీస్‌లో చార్లెస్ స్మిత్, ఒత్తిడికి సిలికాన్ నిరోధం బాగా మారుతుందని చూపాడు. మామూలు సిలికాన్ సెన్సర్ 150 డిగ్రీల సెల్సియస్ దాటితే నమ్మదగినది కాదు కాబట్టి, దాని స్థానంలోకి సిరామిక్ వచ్చిందంటారు.

ఈ వరుస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. సిలికాన్‌కు ముందే సిరామిక్ సిద్ధంగా ఉంది. 1930లలోనే జర్మనీలో సీమెన్స్ సంస్థ అల్యూమినాతో (అల్యూమినియం ఆక్సైడ్‌తో) స్పార్క్ ప్లగ్ ఇన్సులేటర్లు చేసింది. వాక్యూమ్ ట్యూబుల తయారీదారులు సిరామిక్‌పై మాలిబ్డినం, మాంగనీసు పూత కాల్చి, దానికి లోహాన్ని గాలి చొరకుండా అతకడం నేర్చారు. వంగి మళ్లీ యథాస్థితికి వచ్చే పలక, వేడికి ఊడని అతుకు: సెన్సర్‌కు ముందుగా కావలసినవి ఇవే.

నిర్మాణం చూస్తే విషయం తేటపడుతుంది. పల్చని అల్యూమినా పలకను మందపాటి దిమ్మపై గాజుతో అతికి, నడుమ సన్నని ఖాళీ వదులుతారు. లోపలి ముఖాలపై ఎలక్ట్రోడ్లు ఉంటాయి. పీడనం పెరిగితే పలక వంగి ఖాళీ తగ్గుతుంది, కెపాసిటెన్స్ పెరుగుతుంది. ఈ పనికి ఎక్కువగా వాడేది 96 శాతం అల్యూమినా. మిగిలిన 4 శాతంలో ఎక్కువ భాగం రేణువుల నడుమ గాజులా ఉంటుంది. బాక్సైట్‌ను కాస్టిక్ సోడాతో కరిగించే బేయర్ పద్ధతి వల్ల అల్యూమినాలో కొంత సోడియం మిగిలిపోతుంది. వేడెక్కినప్పుడు సోడియం అయాన్లు ఆ గాజులో కదులుతాయి. ఇన్సులేటర్‌లోంచి విద్యుత్తు కారుతుంది, కొలత తప్పుతుంది. అందుకే ఈ సోడియం, అంటే సోడా, తగ్గించిన అల్యూమినాకు ఈ చరిత్రలో ఏ సర్క్యూట్‌కూ తీసిపోని స్థానం ఇవ్వాలంటాను.

కొలత తప్పడానికి సోడా ఒక్కటే కారణమని మాత్రం అనను. అతుకు గాజు మెత్తబడటం, లోహమూ సిరామిక్కూ వేర్వేరుగా వ్యాకోచించడం కూడా చేటే. 1999లో జార్జియా టెక్ పరిశోధకులు తీగలు లేని సిరామిక్ సెన్సర్ చేశారు. కాయిల్, కెపాసిటర్ల అనునాద పౌనఃపున్యాన్ని బయటి నుంచే చదివారు. 2002లో దాన్ని 400 డిగ్రీల దాకా నడిపి చూపారు. అయితే అలాంటి సిరామిక్‌ను దాదాపు 850 డిగ్రీల్లోనే కాలుస్తారు. అందులోనూ గాజు ఉంటుంది కనుక అది తట్టుకునే వేడికీ హద్దు ఉంది. నాసా గ్లెన్ కేంద్రం సిలికాన్ కార్బైడ్‌తో 800 డిగ్రీలు అందుకుంది కాబట్టి అర్ధవాహకాల పాయనూ కొట్టిపారేయలేం.

అల్యూమినాకు మూలం బాక్సైట్ కనుక మన తూర్పు కనుమల ప్రస్తావన ఇక్కడే వస్తుంది. అరకు దగ్గరి గాలికొండ నుంచి కొరాపుట్ దాకా ఖోండలైట్ శిలలు యుగాల వానలకు శిథిలమై, సిలికా కొట్టుకుపోయి, కొండ నెత్తిన బాక్సైట్ మిగిలింది. అది ఎక్కువగా గిబ్సైట్ అనే ఖనిజం కావడంతో కాస్టిక్ సోడాలో తేలిగ్గా కరుగుతుంది. 1981లో ఏర్పడిన అల్యూమినియం సంస్థ నాల్కో, దామన్‌జోడిలో దాన్ని మామూలు వాతావరణ పీడనంలోనే కరిగిస్తుంది. ఉన్నత సాంకేతికత పేరు చెప్పి ఈ కొండలన్నీ తవ్వాలనే వాదనను నేను ఒప్పుకోను. ఒక సెన్సర్‌కు పట్టే అల్యూమినా గ్రాముల్లోనే ఉంటుంది. దానికి కావలసింది శుద్ధి, టన్నులు కాదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదన్నది. గిరిజనులకున్న ఆ హక్కును సెన్సర్ అవసరం ఏ కొంచెమూ సడలించదు.

నేటి పరిశోధన మీద నాకు పూర్తి నమ్మకం లేదు. చాలా పత్రాలు సెన్సర్ అందుకున్న గరిష్ఠ ఉష్ణోగ్రతనే ముందు పెడతాయి. వేల గంటలు అదే వేడిలో ఉంచాక సున్నా రీడింగ్ ఎంత జారిందన్నది అరుదుగా కనిపిస్తుంది. బాయిలర్ దగ్గర, టర్బైన్ దగ్గర పనికొచ్చేది ఆ రెండో అంకె. ఇప్పటికే కొండ దిగిన అల్యూమినాలో సోడా తగ్గించి, దానితో చేసిన పలకలను అంత దీర్ఘకాలం పరీక్షించే ఓపిక హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ వంటి పదార్థ పరిశోధన సంస్థలకు, వాటికి నిధులిచ్చేవారికి ఉండాలి. కొత్త గని కన్నా ముందు మనకు కావలసింది అదే.