స్వేచ్ఛాపతనం – గాలి నిరోధం

కోరాపుట్ జిల్లా నారాయణపట్న కొండ గ్రామాలలో చింతకాయలు దులిపేవారు, జీలుగు కల్లు గీసేవారు ఎత్తయిన చెట్లు ఎక్కడం సర్వసాధారణం. అదే చెట్టు నుండి ఎండుటాకు తేలుతూ దిగుతుంది, కాయ సూటిగా నేలను తాకుతుంది. బరువైన వస్తువే త్వరగా పడుతుందనే అభిప్రాయం ఇటువంటి దృశ్యాల వల్లనే ఏర్పడింది. అయితే అది నిజం కాదు.

భూమ్యాకర్షణ తప్ప మరే బలమూ పనిచేయకుండా వస్తువు పడటాన్ని స్వేచ్ఛాపతనం అంటారు. ఇందులో బరువుతో నిమిత్తం లేకుండా ప్రతి వస్తువు వేగమూ ఒక్కో సెకనులో సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. 1971 ఆగస్టు 2న అపోలో-15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రునిపై సుత్తిని, డేగ ఈకను ఒక్కసారే వదలగా రెండూ కలిసే నేలను చేరాయి.

భూమిపై ఈ రెండింటికీ తేడా తెచ్చేది గాలి నిరోధం. ఇది వస్తువు వేగం, ఆకారం, గాలికి ఎదురయ్యే వైశాల్యాలపై ఆధారపడుతుంది. వేగంతోపాటు పెరిగిన నిరోధం బరువుకు సమానమైనప్పుడు వేగం ఇక పెరగదు. దీనినే అంత్యవేగం అంటారు. గాలి లేకుంటే 2 కిలోమీటర్ల ఎత్తు నుండి పడే వానచినుకు గంటకు 700 కిలోమీటర్లకు మించిన వేగంతో పైరును తాకేది. గాలి వల్ల పెద్ద చినుకు సైతం గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతోనే దిగుతుంది.

చిన్న వస్తువులకు బరువుతో పోల్చితే ఉపరితలం ఎక్కువ. అందుకే గాలి చీమను, ఆకును కాపాడుతుంది. మనిషికి ఆ రక్షణ లేదు. 10 మీటర్ల ఎత్తు నుండి జారినవాడు 1.4 సెకన్లలో, గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతాడు. 20 మీటర్ల నుండైతే ఆ వేగం 70 దాకా ఉంటుంది. ఇంత కొద్ది దూరంలో గాలి తగ్గించగలిగేది స్వల్పమే.

వైశాల్యాన్ని పెంచి నిరోధాన్ని వినియోగించుకొనే సాధనం పారాచూట్. 2025 ఆగస్టు 24న శ్రీహరికోట వద్ద ఇస్రో, గగన్‌యాన్ నమూనాను హెలికాప్టర్ నుండి విడిచి పారాచూట్లను పరీక్షించింది. దాని బరువు దాదాపు 5 టన్నులు, విడిచిన ఎత్తు సుమారు 3 కిలోమీటర్లు. పారాచూట్ విచ్చుకొని వేగాన్ని తగ్గించడానికి అటువంటి ఎత్తు, వ్యవధి అవసరం. చెట్టుపై ఉన్నవానికి ఆ రెండూ ఉండవు. అతనిని కాపాడేది జారకముందే మానుకు బిగించిన మోకు ఒక్కటే.