లూర్దు ఊట

తీర్థమను మాటకు మన భాషలో రేవనియు, పవిత్రజలమనియు, యాత్రాస్థలమనియు అర్థములు గలవు. నీటితో సంబంధము లేని యాత్రను మనవారు యాత్రగా నెంచుట అరుదు. సింహాచలము పోయినవారు గంగధారలో తల తడుపుకొనక తిరిగి రారు. కావున రోగములు మాన్పు నీరు గలదని పేరొందిన క్రైస్తవక్షేత్రమును గూర్చి వినినపుడు తెలుగువారికి వింత తోపదు. వింతయైనది వేఱొకటి. ఆ నీటిలో మందేమియు లేదని మొదటి సంవత్సరముననే రసాయనశాస్త్రజ్ఞుడు తేల్చి చెప్పెను. అయినను యాత్ర ఆగలేదు. ఇది యెట్లు జరిగెనో తెలిసికొనదగియున్నది.

ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమున పిరనీసు పర్వతముల పాదమున లూర్దు అను చిన్న పట్టణము గలదు. 1858 ఫిబ్రవరి 11వ తేదీన బెర్నదెత్తు సుబిరూ అను పదునాలుగేండ్ల బాలిక కట్టెలేరుకొనుటకై అచ్చటి మసబియెల్లు గుహ దగ్గరకు పోయెను. తండ్రి పిండిమర నడపి చితికిపోయినవాడు. పూర్వము చెరసాలగా నుండిన ఒక్క గదిలో ఆ కుటుంబమంతయు తలదాచుకొనియుండెను. 1855లో ఆ యూరిని పట్టిన కలరానుండి ఆ పిల్ల యెట్లో బ్రతికి బయటపడెను గాని, ఉబ్బసము మాత్ర మామెను వదలలేదు. గుహలో నొక స్త్రీమూర్తి తనకు దర్శనమిచ్చెనని యామె చెప్పెను. జూలై 16 వఱకు పదునెనిమిది పర్యాయము లట్లు చూచితినని చెప్పెను. ఫిబ్రవరి 25న ఆ మూర్తి ఆజ్ఞ యని నేలను చేతితో గోకగా బురదనీరు ఊరెను. లోకప్రసిద్ధమైన ఊట యదియే.

ఆ ప్రాంతమున ఖనిజజలస్నానములకై ధనికులు వచ్చి విడియు ఊళ్లు పెక్కు గలవు. లూర్దునకు మాత్రమా భాగ్యము లేదు. పురపాలకాధ్యక్షునికి సహజముగనే ఆశ పుట్టెను. స్థానికుడగు నొక ఔషధకారుడు ఈ నీట రోగహరద్రవ్యము లున్నవని వ్రాసియిచ్చెను. అంతటితో తృప్తిచెందక తులూజు నగరమునుండి ఫిలోల్ అను రసాయనశాస్త్రాచార్యునిచే పరీక్ష చేయించిరి. ఇది సాధారణమైన త్రాగునీరే యనియు, ఇందు ప్రత్యేకచికిత్సాగుణ మేదియు లేదనియు ఆగస్టు మాసమున ఆయన తెలిపెను. స్నానశాలల వ్యాపార మాశించిన పురపెద్దల ముఖము లానా డెట్లుండెనో చదువరులే యూహింపగలరు! జూన్ నెలలో గుహకు అడ్డముగా గట్టిన దడిని మూడవ నెపోలియన్ చక్రవర్తి ఉత్తరువుపై అక్టోబరులో తీసివేసిరి. 1862లో పీఠాధిపతి ఆ దర్శనములను అంగీకరించెను. 1866లో రైలుమార్గము వచ్చెను. రైలు వచ్చిన పిమ్మట రోగులు వేలకొలది రాసాగిరి.

మన సంస్కర్తలకు పనికివచ్చు భాగ మిక మీదట వచ్చుచున్నది. స్వస్థత కలిగెనని యెవరు చెప్పినను నమ్మి చాటుటకు సంఘ మొప్పుకొనలేదు. 1883లో వైద్యుల కార్యాలయమొకటి అచ్చట నెలకొనెను. ఏ మతము వైద్యుడైనను, మతమే లేని వైద్యుడైనను అందు కూర్చుండి పరీక్షింపవచ్చును. రోగము తీవ్రమైనదై యుండవలెను. స్వస్థత ఆకస్మికముగను, సంపూర్ణముగను, స్థిరముగను ఉండవలెను. మందువలన కుదిరినదని చెప్పుటకు వీలుండరాదు. ఈ కొలతకు నిలిచి, 2018 నాటికి పీఠాధిపతులచే అద్భుతములుగా ప్రకటింపబడినవి డెబ్బది మాత్రమే. కుదిరెనని వచ్చి చెప్పుకొన్నవా రేడువేలకు పైబడిరి. బెర్నదెత్తు సంగతి సరేసరి: ఆమె క్షయచే బాధపడి 1879లో ముప్పదియైదేండ్లకే నెవేరు మఠమున కన్నుమూసెను. 1933లో ఆమెను పునీతురాలిగా ప్రకటించిరి.

తీర్థము నోట పోసి, పసిబిడ్డకు వాంతులును విరేచనములును ముదురువఱకు వైద్యుని పిలువని యిండ్లు హిందువులలోను గలవు, క్రైస్తవులలోను గలవు. ఆ తల్లుల భక్తిని మేము పరిహసింపము. కాని లూర్దునకు పోవు రోగి వైద్యుని కాగితములు వెంటగొని పోవునని వారి కెవరైన చెప్పవలదా?

ఇక మన ప్రాంతము. అచ్యుతాపురము వైపునుండి విశాఖపట్టణపు రేవునకు పోయినవారు అచ్చటి మూడు కొండల నెఱుగుదురు: ఒకదానిపై వేంకటేశ్వరుని గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మరియమాత కొండగుడి. రాసు అను దొర 1864లో కట్టిన యిల్లు పిదప ప్రార్థనాలయ మయ్యెనందురు. సవాయి ప్రాంతపు ఆనెసీ నగరమునుండి గురువులు 1846లోనే విశాఖకు వచ్చియుండిరి. కొండగుడి పండుగ డిసెంబరు 8. అది నిష్కళంకమాత పండుగ. లూర్దు గుహలోని మూర్తి తన్ను తాను చెప్పుకొన్నదని బెర్నదెత్తు తెలిపిన పేరును అదియే. లూర్దుమాత పేర పెద్దయాత్ర మాత్రము బెజవాడ చెంత గుణదలలో నడచుచున్నది. 1920 తరువాతి సంవత్సరములలో ఇటలీనుండి వచ్చిన ఆర్లాటి గురువు కొండగుహలో విగ్రహము నిలిపెను. ఏటేట ఫిబ్రవరి 9 మొదలు 11 వఱకు తిరునాళ్లు. యాత్రికులు కొబ్బరికాయలు కొట్టుదురు, తలనీలా లిత్తురు, క్రొవ్వొత్తులు వెలిగింతురు. వారిలో హిందువులు లెక్కకు మిక్కిలి. యూరపునుండి వచ్చిన గుహను తెలుగువారు తమ మ్రొక్కుబళ్లతో నింపివేసిరి.

లూర్దునీట ధనికుడును దరిద్రుడును ఒకే తొట్టిలో మునుగుదురు. ఇది మన దేశమున చిన్న మాట కాదు. ఊరి చెరువున దోసెడు నీరు త్రాగు హక్కునకై 1927లో మహద్‌లో అంబేద్కరు వేలమందిని వెంటబెట్టుకొని నడువవలసి వచ్చెను. ప్రకాశముజిల్లా కారంచేడులో 1985లో దళితుల మంచినీటి చెరువును కలుషితము చేయుటపై పుట్టిన తగవు మరునాటికి ఆరుగురి ప్రాణములు గొనెను. నీరు ముట్టనీయని యూళ్లనుండి వచ్చినవారికి, నీ కులమేమని యెవరు నడుగని కొండమెట్లపై ఒక్క దిన మెక్కుటయే యెంతటి యూరటయో వేఱుగ జెప్పనక్కఱలేదు. అట్లని క్రైస్తవసంఘము కులమును వదలించుకొన్నదని చెప్పజాలము. దళితకుటుంబమున బుట్టిన గురువొకరు కార్డినలగుట భారతదేశమున 2022లోగాని జరుగలేదు. ఆయన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు. తెలుగువారిలోను ఆ పదవి నందిన మొదటివారాయనయే.